అరవై దాటాక విశాఖలో సాహసాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం చూడడానికి వచ్చే పెద్దవాళ్లూ, వాళ్లను పంపాలా వద్దా అని తటపటాయించే పిల్లలూ అడిగే ప్రశ్నలివి. ఊరు ఎక్కువగా కొండల మీదా, కొండల అంచున ఉన్న ఒడ్డు మీదా పెరిగింది కాబట్టి ఇక్కడ చూడదగ్గవాటిలో చాలావాటికి ఎక్కుడో దిగుడో తప్పదు. అందుకే జవాబులు కొంచెం పొడుగ్గా ఉన్నాయి.

ఈ వయసులో సాహసం అవసరమా?

అవసరమని ఎవరూ అనరు. సరదా ఉంటే మానుకోవలసిన పని లేదు, అంతే. కారు కిటికీలోంచి సముద్రాన్ని చూసి, గుడికి వెళ్లి, హోటల్లో పడుకునే విహారాన్ని ఎవరైనా ఏర్పాటు చేయగలరు. ఇక్కడ చెప్పేది దానికి ఒక మెట్టు పైన ఉండేవాటి గురించి: కాస్త వంగాలి, కాస్త ఎక్కాలి, గుండె ఒకసారి ఝల్లుమనాలి, రాత్రి నిద్ర బాగా పట్టాలి. తాడు కట్టుకుని బండలు పాకడం గురించి కాదు.

ఒక్క పూటే ఉంది. ఏది చూడమంటారు?

రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి. రెండో ఆలోచన లేదు.

సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పాల్గొంది. 31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది. ఆ తర్వాత దాన్ని నీళ్లలోంచి ఇసుక మీదికి లాగి, 2002లో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. లోపలికి వెళ్లాక 75 మంది దాకా మనుషులు ఇందులో వారాల తరబడి ఎలా బతికారా అనిపిస్తుంది. టార్పెడోల పక్కనే పడకలు. భుజాలు తగిలేంత ఇరుకు నడవ. తలమీద గొట్టాలు, చక్రాలు, మీటలు.

అసలు సాహసం ఒక గది నుంచి మరో గదికి వెళ్లే గుండ్రటి ద్వారాల దగ్గర మొదలవుతుంది. ఒక గదిలోకి నీళ్లు వచ్చినా పక్క గది మునగకుండా గట్టిగా మూసుకునేలా చేసిన ద్వారాలవి. కింది అంచు నేలకు బాగా ఎత్తున ఉంటుంది, పై అంచు తలకు తగిలేలా ఉంటుంది. తొందరపడితే నుదురో మోకాలి చిప్పో సాక్ష్యం చెబుతుంది. పద్ధతి ఇది: రెండు చేతులతో అంచు పట్టుకోండి, ముందు ఒక కాలు అవతల పెట్టండి, అది నేల మీద ఆనిందని తెలిశాక తల వంచి నడుము దాటించండి, రెండో కాలు చివర తీసుకోండి. వెనక ఉన్నవాళ్లు తోసుకొస్తుంటే "ఒక్క నిమిషం బాబూ" అనడానికి మొహమాటపడకండి. నౌకాదళంలో పనిచేసి వచ్చిన విశ్రాంత నావికులు లోపల వివరాలు చెబుతారు. వాళ్లలో చాలామంది మీ ఈడు వాళ్లే. ఏదైనా అడిగితే సంతోషంగా, అడిగినదానికన్నా ఎక్కువే చెబుతారు.

నడుము శస్త్రచికిత్స అయినవాళ్లు, మోకాలు తొంభై డిగ్రీలు కూడా వంగనివాళ్లు, ఇరుకు గదుల్లో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు దీన్ని వదిలేయడం మంచిది. మధ్యలో వెనక్కి తిరగడం కష్టం, వెనక వరుస ఉంటుంది. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు కనుక్కోండి. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి. ఊరంతా అక్కడే ఉంటుంది.

చీరతో వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. కుచ్చెళ్లు కాస్త పైకి ఎత్తి దోపుకోవాలి, కొంగు నడుముకు బిగించాలి. పొలంలో నాట్లు వేసినవాళ్లకు ఇది కొత్తగా నేర్పే పని కాదు. అలవాటుంటే చుడీదార్ ఇంకా హాయి. పంచె కట్టుకునే పెద్దమనుషులకు ఆ పూటకు ప్యాంటే మేలు. చేతి సంచీ వద్దు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

ఎదురుగా ఉన్న విమానం కూడా చూడాలా?

రోడ్డుకు అవతలే ఉన్న టీయూ-142 విమానం సముద్రం మీద తిరుగుతూ శత్రువుల జలాంతర్గాములను వెతకడానికి వాడినది. 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేసింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. దాక్కునేది ఒక పక్క, వెతికేది ఇంకో పక్క. రెండూ పదవీ విరమణ చేసి ఎదురెదురుగా కూర్చున్నాయి. విమానంలోకి మెట్లెక్కాలి గానీ జలాంతర్గామి దాటినవాళ్లకు ఇది తేలిక. రెండింటి మధ్య అరగంట కూర్చుని, ఇసుకలో అమ్మే మురీ మిక్స్చర్ తినండి. బీచ్ రోడ్డు దాటడం మాత్రం నిజమైన సాహసమే. సిగ్నల్ దగ్గరే దాటండి.

కైలాసగిరి రోప్‌వే భయంగా ఉండదా?

ఉండదు. గది లాంటి పెట్టెలో కూర్చుంటారు, తలుపు మూస్తారు, కొన్ని నిమిషాల్లో కొండ మీద ఉంటారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పెట్టె పూర్తిగా నిలిచిందో లేదో చూసుకుంటే చాలు. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు ఆపేస్తారు. అప్పుడు రోడ్డు మార్గం ఎలాగూ ఉంది.

కొండ మీద శివపార్వతుల తెల్లటి విగ్రహాలు, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు చూసి తిరిగి వచ్చేయడం అందరూ చేసేదే. కొండ అంచు నుంచి గాల్లోకి చాచి కట్టిన అద్దాల వంతెనను 2025 చివర్లో తెరిచారు. కాళ్ల కింద అద్దం, దాని కింద లోయ, అవతల సముద్రం. ఇదే ఈ కొండ మీద అసలు పరీక్ష. ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు, తల తిరుగుడు జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు దూరం నుంచి చూసి ఆనందించండి. మిగతావాళ్లు మొదట పది అడుగులు కింద చూడకుండా, ఎదురుగా సముద్రపు గీత మీద చూపు నిలిపి నడవండి. ఆ తర్వాత కింద చూడవచ్చు.

మోకాళ్ల నొప్పులున్నాయి. మెట్లు ఎక్కగలనా?

ఎక్కడం గురించి అందరూ అడుగుతారు. దిగడం గురించి ఎవరూ అడగరు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే పోతుంది. దిగేటప్పుడు ఒళ్లు బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. అప్పటికి తొడ కండరాలు అలిసిపోయి ఉంటాయి. పడిపోవడాలు ఎక్కువగా జరిగేది అప్పుడే. అందువల్ల ఎక్కే ముందు ఎంత దూరం దిగగలరో లెక్క వేసుకోండి. సగం దాకా ఎక్కి, అక్కడ కూర్చుని చూసి దిగివచ్చినా మీరు ఊరిని చూసినట్టే.

పైకి ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు, కిందికి దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. చేతికర్ర నొప్పి కాలికి ఎదురు వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది అదే వైపు పట్టుకుని, కర్ర వల్ల ఉపయోగం లేదంటారు. ఇంకొకటి: దూరానికి, దగ్గరికి కలిపి ఒకే కళ్లజోడు వాడేవాళ్లకు మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది. అద్దం కింది భాగం చదువుకోవడానికి చేసింది కదా. మెట్లు దిగేటప్పుడు గడ్డం బాగా దించి, అద్దం పై భాగంలోంచి చూడండి. దూరపు చూపుకు విడిగా కళ్లజోడు ఉంటే అదే పెట్టుకోండి.

ఇవన్నీ పరీక్షించుకోవడానికి పాత ఊళ్లో ఓడరేవు పక్కన ఉన్న మూడు కొండలు చాలు. ఒక కొండ మీద మేరీమాత చర్చి, ఇంకో కొండ మీద ఇషాక్ మదీనా దర్గా, మూడో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న కొండ మీద 1864లో రాస్ అనే దొర ఇల్లు కట్టుకున్నాడని దానికి రాస్ హిల్ అని పేరు వచ్చింది. మూడూ ఒకేరోజు ఎక్కాలని పంతం వద్దు. పొద్దున్నే ఒకటి, సాయంత్రం ఇంకొకటి. పై నుంచి ఓడరేవు కాలువలోకి ఓడ మెల్లగా వస్తుండడం కనిపిస్తే ఆ రోజు మీది.

గుంపు లేని చోటు, కొంచెం కాలికి పని చెప్పేది ఏదైనా ఉందా?

రెండు ఉన్నాయి, రెండూ భీమిలి దారిలోనే.

మొదటిది తొట్లకొండ. 1976లో నౌకాదళం విమానంలోంచి స్థల పరిశీలన చేస్తున్నప్పుడు ఈ కొండ మీద బౌద్ధ ఆరామం ఆనవాళ్లు బయటపడ్డాయి. 1988 నుంచి పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. రెండు వేల ఏళ్ల నాటి స్తూపం, భిక్షువుల గదుల పునాదులు, నీళ్లు నిలవ చేసుకోవడానికి బండలో తొలిచిన తొట్లు ఉన్నాయి. వాహనం పైదాకా వెళ్తుంది కాబట్టి ఎక్కే పని లేదు. ఎగుడు దిగుడు నేల మీద నడవాలి, నీడ తక్కువ. ఉదయం తొమ్మిదిలోపు ముగించండి. భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో పైన నిలబడితే ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండోది ఎర్రమట్టి దిబ్బలు. నా మాటకు విలువ ఇస్తే, కైలాసగిరికి ఒక గంట తగ్గించి ఇక్కడ గడపండి. వేల ఏళ్లుగా గాలి, వాన, సముద్రం కలిసి పోగేసిన ఎర్ర ఇసుకను వాగునీళ్లు కోసి గోడలుగా, సందులుగా మలిచాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. సముద్రానికి ఇంత దగ్గరగా ఇలాంటి నేల అరుదు. లోపలికి వెళ్లినకొద్దీ గోడలు ఎత్తు పెరుగుతాయి, ఊరి చప్పుడు వినబడదు, అన్ని సందులూ ఒకేలా ఉంటాయి. అక్కడే చిక్కు. దారి తప్పడం పిల్లలకు ఆట, మనకు ఆయాసం. స్థానికులెవరినైనా వెంట తీసుకెళ్లండి, ఇరవై నిమిషాలు లోపలికి నడిచి వెనక్కి తిరగండి. ఎర్రమట్టి మీద చిన్న గులకరాళ్లు జారతాయి. అడుగు గీతలు అరిగిన చెప్పులు పనికిరావు. దిబ్బల అంచుల మీదికి ఎక్కి ఫోటోలు దిగవద్దు. అంచు విరిగిపోతుంది, మీతోపాటు దిబ్బ కూడా పాడవుతుంది.

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. డెబ్బై ఏళ్లవాళ్లు నడవగలరా?

నడుస్తున్నారు. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ కింద మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరే లక్షల మందిలో తల నెరిసినవాళ్లు, చెప్పులు లేకుండా నడిచేవాళ్లు ఎందరో. అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా నగరంలో పెద్ద భాగాన్ని చుట్టి మళ్లీ కొండ దగ్గరికే వస్తారు. దారి పొడుగునా మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర పంచుతారు. విశాఖను కాలినడకన చూడడానికి ఇంతకన్నా మంచి రాత్రి సంవత్సరంలో మరొకటి లేదని నా అభిప్రాయం. భక్తి ఉన్నవాళ్లకు పుణ్యం అదనం.

అయితే వాళ్లను చూసి మీరు ఆ రోజు బయలుదేరకండి. నడిచేవాళ్లలో చాలామంది ఏడాది పొడుగునా పొలం పనో, ఇంటి పనో, ఉదయపు నడకో చేసినవాళ్లు. రెండు నెలల ముందు నుంచి నడక పెంచుకుంటూ వచ్చి, ఒకేరోజు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు నడిచినా మర్నాడు మామూలుగా లేవగలుగుతున్నారంటే ఆలోచించవచ్చు. లేకపోతే మొదటి ఏడాది ఒక భాగం నడిచి ఆటో ఎక్కండి. అప్పన్న ఏమీ అనుకోడు.

మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వట్టికాళ్లతో నడవడం మాత్రం వద్దే వద్దు. రాయి గుచ్చుకున్నది తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. మామూలు రోజుల్లో గుడికి వెళ్లినా ఎండకు కాలిన బండల మీద ఇదే ప్రమాదం. గుడికి మెట్ల మార్గంలో వెయ్యికి పైగా మెట్లున్నాయి. పైకి బస్సులోనూ వెళ్లవచ్చు. పైకి బస్సు, కిందికి మెట్లు అనుకునేవాళ్లు పైన మోకాళ్ల గురించి చెప్పింది మళ్లీ చదవండి.

సముద్రంలో దిగవచ్చా?

రామకృష్ణా బీచ్‌లో పాదాలు తడుపుకోవడం వరకే. అక్కడ ఒడ్డు వెంటనే లోతుకు దిగుతుంది, వెనక్కి వెళ్లే అల కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చిన కుర్రాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. స్నానం చేయాలనుంటే రుషికొండకు వెళ్లండి. శుభ్రంగా, భద్రంగా ఉన్న తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో పొందిన తీరం అది. గజ ఈతగాళ్ల కాపలా ఉన్నంత మేరకే దిగండి, నడుము లోతు దాటకండి. అలకు వీపు చూపకండి.

రుషికొండలో స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీళ్ల కిందికి దిగడం, ఉందట. అరవై దాటినవాళ్లను తీసుకుంటారా?

వయసు ఒక్కటే అడ్డు కాదు. ముందుగా ఆరోగ్య ప్రశ్నల పత్రం నింపిస్తారు. నలభై అయిదు దాటినవాళ్లకు అందులో పొగతాగడం, కొలెస్ట్రాల్, కుటుంబంలో గుండెజబ్బు వంటి అదనపు ప్రశ్నలుంటాయి. వాటిలో దేనికైనా అవునని రాస్తే డాక్టరు సంతకం తెమ్మంటారు. దొంగ జవాబు రాయకండి. నీళ్ల కింద గుండె మీద పడే భారం ఒడ్డు మీద తెలియదు. ఆస్తమా ఉంటే డాక్టరు సరేననకుండా దిగకూడదు. చెవిపోటు, జలుబు ఉంటే ఆ రోజుకు మానేయాలి. ముక్కు పట్టేసినప్పుడు చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు, కర్ణభేరి దెబ్బతింటుంది. మీరు పత్రం నింపకుండానే ఎవరైనా నీళ్లలోకి దింపుతామంటే, అక్కడి నుంచి తిరిగి వచ్చేయండి.

ఇంకో సంగతి, తిరుగు ప్రయాణం విమానంలో అయితే డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, వీలైతే ఒక రోజు ఎడం ఉండాలి. చివరి రోజు ఉదయం స్కూబా, సాయంత్రం విమానం అన్న పథకం కుదరదు.

బొర్రా గుహలు, అరకు కలుపుకోవచ్చా?

అది నగరం దాటిన సంగతి కాబట్టి క్లుప్తంగా. పొద్దున్నే బయలుదేరి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలులో అద్దాల బోగీకి ముందే టికెట్టు తీసుకోండి. సొరంగాలు, వంతెనలు దాటుతూ అనంతగిరి కొండలు ఎక్కే ఆ ప్రయాణమే సగం ఆనందం. గుహల్లోకి వందల మెట్లు దిగాలి, తిరిగి ఎక్కాలి. లోపల తడి, మసక వెలుతురు. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి.

మందులు, తిండి, బాత్రూము: వీటి సంగతి?

ఇవి సరిగా లేకే ఎక్కువ విహారాలు పాడవుతాయి. రక్తపోటుకు నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వేసుకునేవాళ్లు బయటికి వెళ్లే రోజు దాన్ని సొంతంగా మానేస్తుంటారు. కొందరు నీళ్లు తాగడం మానేస్తారు. విశాఖ ఉక్కపోతలో రెండోది ఇంకా ప్రమాదం. మాత్ర వేళ మార్చుకోవచ్చేమో ప్రయాణానికి ముందే మీ డాక్టరును అడగండి. ఇన్సులిన్ లేదా చక్కెర మాత్రలు వాడేవాళ్లు ఎక్కువ నడిచిన రోజు చక్కెర పడిపోవచ్చు. జేబులో బెల్లం ముక్కో గ్లూకోజో ఉండాలి. అది కారులో ఉన్న సంచీలో ఉంటే లేనట్టే లెక్క.

బాత్రూముకు సిగ్గుపడకుండా పథకం వేసుకోండి. రోప్‌వే ఎక్కే ముందు, జలాంతర్గామి టికెట్టు తీసుకునే ముందు వెళ్లిరండి. తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్లేటప్పుడు రుషికొండలోనే ఆ పని ముగించుకోండి.

ఏ నెలల్లో రావాలి?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత మనిషిని ఉడికించేస్తుంది. అక్టోబరు, నవంబరులో వాతావరణం చల్లబడుతుంది గానీ తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం మీదే తీరం దాటింది. ఆ నెలల్లో వచ్చేవాళ్లు వాతావరణ శాఖ సూచనలు రోజూ చూసుకోండి.

ఊళ్లో తిరగడానికి ఏది మంచిది?

2025 ఆగస్టు నుంచి బీచ్ రోడ్డులో రామకృష్ణా బీచ్ నుంచి తొట్లకొండ దాకా డబుల్ డెక్కర్ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి. పై అంతస్తు నుంచి సముద్రం చూస్తూ వెళ్లడం నాకు కారుకన్నా ఇష్టం. బస్సు ఆగి ఉన్నప్పుడే మెట్లు ఎక్కండి, దిగండి. మామూలు ఆర్టీసీ బస్సుల్లో అరవై దాటినవాళ్లకు 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. రైల్లో పెద్దల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు. టికెట్టు తీసేటప్పుడు కింది బెర్తు కోటా మాత్రం అడగవచ్చు. మగవాళ్లకు 60 దాటితే, ఆడవాళ్లకు 45 దాటితే అది వర్తిస్తుంది.

మా అబ్బాయి వద్దంటున్నాడు. ఎలా ఒప్పించాలి?

మొత్తం జాబితా చెప్పకండి, బెదిరిపోతాడు. ఏ రోజు ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగి వస్తారో రాసివ్వండి. డాక్టరుకు చూపించుకున్నానని చెప్పండి, నిజంగా చూపించుకోండి కూడా. కొడుకులూ కూతుళ్లూ ఇది చదువుతుంటే ఒక మాట: అమ్మ మోకాళ్ల గురించి మీకన్నా అమ్మకే ఎక్కువ తెలుసు. ఆమె ఎక్కగలనన్నచోట చేయి పట్టుకుని పైకి లాగకండి. ఒక మెట్టు కింద, పక్కగా నడవండి. చాలంటే చాలనివ్వండి. "ఇంకా పది మెట్లే కదమ్మా" అని బతిమాలడం కూడా ఒత్తిడే.

ఏమైనా అయితే ఎవరిని పిలవాలి?

అంబులెన్సుకు 108, పోలీసు సహా ఏ అత్యవసరానికైనా 112. పెద్దల కోసం ప్రత్యేకంగా ఉన్న ఎల్డర్ లైన్ 14567, కానీ అది సలహాకు, సాయానికి. గుండెనొప్పి వస్తే 108కే చేయండి. ఫోను తాళం తీయకుండానే కనిపించేలా ఇంట్లోవాళ్ల నంబరు పెట్టుకోవచ్చు, మనవడికి చెబితే రెండు నిమిషాల్లో చేసిపెడతాడు. ఫోనులో చార్జింగ్ అయిపోయే రోజు కూడా వస్తుంది కాబట్టి అదే నంబరుతోపాటు మీ రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి చొక్కా జేబులోనో, మెడలో వేసుకునే చిన్న సంచిలోనో పెట్టుకోండి.